ఎవరి గుర్రానికి వాళ్ళే

"గుర్రం ఎక్కేది నేను. నువ్వు హాయిగా ఒకచోట కూర్చుని గాలి పీల్చుకో" అన్నాడు మల్లికార్జున్. వరూధిని అప్పుడు అతని సాక్సుల్ని జతలు జతలుగా చుట్టి సంచిలో సర్దుతోంది.

ఆ మాట అతను ప్రేమగానే అన్నాడు. నాలుగు రోజుల సెలవు ఇద్దరూ కలిసే పెట్టారు. అతని మేనేజరు టోపీ పెట్టుకుని గుర్రం మీద కూర్చున్న ఫోటో ఆఫీసు గ్రూపులో వచ్చిన వారం నుంచి మల్లికార్జున్‌కి అదే ధ్యాస. హొసకోటె దాటాక, ద్రాక్షతోటల మధ్య గుర్రాల ఫారం ఉందట. అక్కడే ఉండి, తిని, నాలుగు రోజుల్లో స్వారీ నేర్చుకోవచ్చట. ఇద్దరి పేర్లూ ఇచ్చేశాడు. వరూధిని కె.ఆర్.పురం ఫ్లాట్‌లో అత్తగారికి నాలుగు రోజులకి సరిపడా దోసెల పిండి రుబ్బి, చింతపండు పులుసు కాచి, మందుల డబ్బాలో గళ్ళు నింపి, అతని ఎసిడిటీ మాత్రలు, దోమల క్రీము, చార్జరు గుర్తుపెట్టుకుని సర్దింది. తన బట్టలు చివర్లో, మిగిలిన చోట్లో పెట్టుకుంది. కారు హొసకోటె చేరకముందే అత్తగారు లక్ష్మీదేవి ఫోన్ చేసింది, ఇంగువ డబ్బా ఎక్కడ పెట్టావని. ఇంగువ ఎప్పుడూ ఉండే చోటే ఉంది.

ఫారంలో వాళ్ళకి ఎదురొచ్చినామెకి అరవై దాటి ఉంటాయి. నూలు చీర మోకాళ్ళ దాకా ఎగదోపి, పైన మగవాళ్ళ చేతుల చొక్కా తొడుక్కుంది. పేరు అక్కయమ్మ. వాళ్ళ నాయన బెంగళూరు కంటోన్మెంటులో జట్కా తోలేవాడట. ఆమె, ఆమె తమ్ముడు తిమ్మరాయప్ప కలిసి ఈ లాయం నడుపుతున్నారు. అప్పటికే మరో ముగ్గురు వచ్చి ఉన్నారు. బ్యాంకులో రిటైరైన నాగరాజ్ గారు, కాలేజీలో చదివే ఇద్దరమ్మాయిలు.

"మొదటి దినం ఎక్కేది లేదు" అంది అక్కయమ్మ. "గుర్రాన్ని తోమాల, గిట్టలు శుభ్రం చెయ్యాల, దాణా పెట్టాల, పక్కన నడిపించాల. ఎవరి గుర్రానికి వాళ్ళే. ఎవరు చేసినారో వాళ్ళే ఎక్కేది. ఈడ అదొక్కటే పద్ధతి."

"తోమడానికి ఇంత దూరం ఎందుకమ్మా, ఇంట్లో నా స్కూటరు ఉంది కదా" అన్నారు నాగరాజ్ గారు.

"స్కూటరు తన్నదు సార్."

అందరూ నవ్వుతుంటే వరూధిని సంచి ఒళ్ళో పెట్టుకుని లాయం పక్కన బండ మీద కూర్చుంది. చూడటం ఆమెకి బాగా అలవాటైన పని. పుంగనూరు దగ్గర వాళ్ళ ఊరి బడిలో చివరి వరసలో కూర్చుని, అయ్యవారు ముందు వరస వాళ్ళకి చెప్పేదంతా చూసి చూసే నేర్చుకుంది. బ్రూక్‌ఫీల్డ్ ఆఫీసులోనూ అంతే. మీటింగులో ఎనిమిది మంది మాట్లాడతారు, వరూధిని చూస్తుంది. "నోట్స్ వరూధిని రాస్తుంది లెండి" అని ఎవరో ఒకసారి అన్నారు. మూడేళ్ళయింది, ఆ తర్వాత ఎవరూ అనాల్సిన అవసరం కూడా రాలేదు. అది ఆమె పని అయిపోయింది. ఎవరి పుట్టినరోజుకైనా కేకు తెప్పించడమూ అలాగే ఆమె పని అయిపోయింది.

"నువ్వేల ఆడ కూసున్నావు?" అక్కయమ్మ ముందుకొచ్చి నిలబడింది.

"నేను ఊరికే చూడటానికి వచ్చానమ్మా. ఆయన ఎక్కుతారు."

"పేర్లు రెండు ఇచ్చినారు. నేను గుర్రాలు రెండు నిలబెట్టినా. పొద్దున్నుంచీ ఆ ఆడగుర్రం నీ కోసరం కాచుకోని ఉండాది. దానికేమని చెప్పేది?"

వరూధిని లేచింది. తన కోసం ఎవరైనా కాచుకుని ఉండటం అనే మాట కొత్తగా వినబడింది. ఇంట్లో అందరూ కాచుకునేది ఆమె తెచ్చే కాఫీ కోసం.

ఆ గుర్రం పేరు చెలువి. ముదురు గోధుమరంగు, నుదుటి మీద తెల్లటి మచ్చ. వెనక నుంచి పోకూడదని, భుజం దగ్గరికి పోయి మెడ నిమరాలని అక్కయమ్మ చెప్పింది. రబ్బరు బ్రష్షుతో గుండ్రంగా రుద్దితే దుమ్ము లేచింది, చెలువి కింది పెదవి వదులై వేలాడింది. అది సుఖమని ఎవరూ చెప్పకుండానే వరూధినికి తెలిసింది. చెవులు ఎటు తిరుగుతున్నాయో, బరువు ఏ కాలి మీద ఉందో గమనించింది. గిట్టలు శుభ్రం చెయ్యడానికి అక్కయమ్మ ఒక వరస చెప్పింది. ముందు ఎడమ కాలు, తర్వాత వెనక ఎడమ కాలు, ఆ పైన అటువైపు. కాలి వెంట చెయ్యి కిందికి జార్చి, చీలమండ పైన మెల్లగా నొక్కితే, చెలువి కాసేపు ఆలోచించి, గిట్ట ఎత్తి ఆమె చేతిలో పెట్టింది. అంత పెద్ద జంతువు తన కాలిని ఒక పరాయి మనిషి అరచేతిలో పెట్టిందని వరూధిని దాన్ని ఇంకా జాగ్రత్తగా పట్టుకుంది. కొక్కెంతో మడమ వైపు నుంచి ముందుకు మట్టి గీకింది. నడుమ మెత్తగా ఉండే చోట తగలకుండా చూసింది.

తర్వాత అక్కయమ్మ ఆమె రెండు వేళ్ళు పట్టుకుని గుర్రం డొక్క మీద పెట్టింది. "పక్కకి జరగమని అడుగు. తొయ్యద్దు. అడిగి, ఆగు."

వరూధిని ఆగింది. కొన్ని క్షణాలకి చెలువి ఒక అడుగు పక్కకి వేసింది.

"చెయ్యి తీసెయ్, తీసెయ్. అది అడుగు ఏసిన గడియలోనే తియ్యాల. అదే నువ్వు దానికి చెప్పే థ్యాంక్స్. తియ్యకుండా అట్లనే పెట్టుకోనుంటే దానికేం తెలస్తాది? ఇచ్చినా ఒకటే, ఇయ్యకపోయినా ఒకటే అనుకుంటాది. కొన్నాళ్ళకి మొద్దుబారిపోతాది. అప్పుడు జనం దాన్ని మొండిది అంటారు."

ఆ మాట వరూధిని ఆ రోజంతా మోసింది. దాణాకి ఉలవలు నానబోస్తూ మోసింది, చెలువిని తాడు పట్టుకుని నడిపిస్తూ మోసింది. ఇంట్లో ఎవరూ ఆమెని తొయ్యలేదు. నిజం చెప్పాలంటే అందరూ మెత్తగానే అడిగారు. "వరూ, కొంచెం ఈ చొక్కా ఇస్త్రీ" అని మల్లికార్జున్, "అమ్మా వరూధినీ, నీ చేత్తో అయితేనే పప్పు కుదురుతుంది" అని అత్తగారు. ఆమె ఇచ్చింది. ఇచ్చిన తర్వాత ఆ వేళ్ళు అక్కడే ఉండిపోయాయి. చొక్కా ఇస్త్రీ రోజూ అయింది, పప్పు రెండు పూటలా అయింది. "మా కోడలికి కాదనడం తెలీదు" అని అత్తగారు చుట్టాలతో అంటే ఇన్నాళ్ళూ అది మెప్పుదలే అనుకుంది. అది చెయ్యి తియ్యకపోవడమని, తన ఒంట్లో ఎప్పుడూ ఉండే ఆ బరువుకి అదే పేరని, ఇక్కడ ఈ పేడ వాసనలో తెలిసింది.

రెండో రోజు ఎక్కించారు. జీను పట్టీ బిగించేటప్పుడు చెలువి పొట్ట ఉబ్బిస్తుందని, నాలుగడుగులు నడిపించి మళ్ళీ బిగించాలని నేర్పారు. ఎడమ కాలు రికాబులో పెట్టి, ఒక్క ఊపులో పైకి లేచినప్పుడు వరూధినికి మొదట కనబడింది ప్రహరీ గోడకి అవతలి వైపు. అటు రాగిచేను ఉంది. చేనంతా గాలికి ఒకే వైపు వాలుతోంది. ఇరవై తొమ్మిదేళ్ళలో ఇంత ఎత్తు నుంచి ఆమె ఏ చేనునీ చూడలేదు. కింద అక్కయమ్మ తాడు పట్టుకుని గుండ్రంగా తిప్పుతూ, "మడమలు కిందికి. నేలని చూడద్దమ్మా, పొయ్యే తావుని చూడు" అంటూ ఉంది. ఒకే మాట పదిసార్లు చెప్పింది, పదోసారీ విసుక్కోలేదు. ఆగాలంటే పగ్గం లాగక్కర్లేదు, ఊపిరి పూర్తిగా వదిలి కూర్చుంటే చాలంది. వరూధిని ఊపిరి వదిలింది. చెలువి ఆగింది.

"బాగుండాది" అంది అక్కయమ్మ.

ఆ ఒక్క మాటా తీసుకుని వరూధిని గదికి వచ్చింది. మధ్యాహ్నం అన్నం తింటూ మల్లికార్జున్‌తో, "మీరు తీసుకొచ్చారు కాబట్టి కదా, లేకపోతే నాకు ఇదంతా ఎక్కడ" అంది. మనస్ఫూర్తిగానే అంది. అతను నవ్వి, ఫోటోలు సరిగ్గా తీశావా అని అడిగాడు.

అయితే వరూధిని ఒక పొరపాటు చేసింది. ఆ పొరపాటుని ఆమె పొరపాటనుకోలేదు. ఇంట్లో అలవాటు ప్రకారం ఐదింటికే మెలకువ వచ్చేది. మల్లికార్జున్ నిద్రపోతూ ఉండేవాడు. చెలువిని తోమడం అయ్యాక, పక్క గదిలోంచి మల్లికార్జున్‌కి ఇచ్చిన తెల్లగుర్రం సుల్తాన్ తల బయటపెట్టి చూస్తుంటే, ఎలాగూ బ్రష్షు చేతిలోనే ఉంది కదా అని దాన్నీ తోమేసింది. గిట్టలు శుభ్రం చేసింది. దాణా పెట్టింది. జీను కూడా వేసి కట్టేసింది. అచ్చం అతని బూట్లు తుడిచి గుమ్మం దగ్గర పెట్టినట్టే. ఏడింటికి అతను వచ్చి, "అరె, రెడీ చేసేశావా" అని ఎక్కాడు. మూడో రోజు ఆ మాట కూడా అనలేదు. అక్కయమ్మ ఆ వేళకి అవతలి షెడ్డులో చూలుతో ఉన్న గుర్రం దగ్గర ఉండేది. ఆమెకి ఈ సంగతి తెలీదు.

నాలుగో రోజు పొద్దున తోట దాటి, నీలగిరి చెట్ల మధ్య నుంచి కొండ మొదలు దాకా రెండు గంటల స్వారీ ఉంది. తాడు పట్టుకునేవాళ్ళు ఉండరు, ఎవరి గుర్రాన్ని వాళ్ళే నడుపుకోవాలి. దానికోసమే అందరూ వచ్చింది. ఆ స్వారీకి ఎవరు పోవచ్చో తేల్చేది మూడో రోజు సాయంత్రం. కంచె వేసిన మైదానంలో గుర్రాల్ని ఉత్తగా వదిలేస్తారు. తాడు లేకుండా, చేతిలో తినడానికేమీ లేకుండా లోపలికి పోయి నిలబడాలి. గుర్రం దగ్గరికి రానివ్వాలి, గిట్ట ఇవ్వాలి, వెంట నడవాలి.

కాలేజీ అమ్మాయిలిద్దరూ చేశారు. నాగరాజ్ గారు తన గుర్రంతో కన్నడంలో ఏదో సంసారం కబుర్లు చెబుతూ గేటు దాకా తీసుకొచ్చేశారు. చెలువి వరూధినిని చూసి, తనంత తానే నడిచి వచ్చి, ఆమె వేలు తగలకముందే కాలెత్తింది. తర్వాత మల్లికార్జున్ లోపలికి పోయాడు. "సుల్తాన్, కమాన్" అన్నాడు. సుల్తాన్ వచ్చింది. అతని పక్క నుంచి, అతను ఒక చెట్టయినట్టు దాటుకుని, కంచె దాకా నడిచి, ఇవతల నిలబడ్డ వరూధిని భుజం మీద మూతి పెట్టింది.

ఎవరో నవ్వారు. మల్లికార్జున్ కూడా నవ్వి, వెనకే వచ్చి, కాలు పట్టుకుని గట్టిగా లాగాడు. గుర్రం చెవులు వెనక్కి వాల్చింది. ఇంకోసారి లాగబోయాడు.

"వదిలెయ్ అప్పా" అంది అక్కయమ్మ. గొంతు పెంచలేదు.

"మీ గుర్రానికి మీరు కొత్త చుట్టంలా ఉన్నారు సార్" అన్నారు నాగరాజ్ గారు. ఆయన మంచిగానే అన్నారు. ఈసారి అందరూ నవ్వారు.

అక్కయమ్మ సుల్తాన్ వీపు మీద చెయ్యి రాసి చూసుకుంది. గిట్టలు చూసింది. "ఈ రెండు దినాలు పొద్దున దీనికి చేసిందెవరు?"

వరూధిని, "నేనేనమ్మా" అంది.

"నేను చెప్పిన పద్ధతి ఇన్నావు కదా?"

"విన్నానమ్మా. ఎలాగూ నా చేతిలో పని ఉంది కదా అని..."

"నువ్వు ఆయప్పకి ఉపకారం చేస్తా ఉండానని అనుకున్నావు. ఆయప్ప ఎవరో గుర్రానికి తెలీకుండా చేసినావు. రేపు ఆ బయల్లో ఇది బెదిరితే ఆయప్ప మాట ఇంటుందా? ఆయప్ప పడితే ఎవరిది తప్పు?" అని, మల్లికార్జున్ వైపు తిరిగింది. "రేపు నువ్వు ఈడనే ఉండప్పా. తిమ్మరాయప్ప వీళ్ళని తీసుకోని పోతాడు. నేను ఉంటా నీతో. మొదటి నుంచి మొదలుపెడదాం. నేర్చుకోలేనంత కష్టమేం కాదు."

గదిలోకి వచ్చాక మల్లికార్జున్ మంచం మీద కూర్చున్నాడు. బూట్లు విప్పలేదు. కిటికీలోంచి ఇంకా ఎండ పడుతోంది.

"నేను చెయ్యమన్నానా నిన్ను?" అన్నాడు చివరికి.

"లేదు."

నిజంగానే అతను చెయ్యమనలేదు. అదే ఆమెని ఎక్కువ బాధపెట్టింది. అక్కయమ్మ తిట్టింది కూడా అతన్ని కాదు, తననే. తిట్టిన మాట సరైనది కాబట్టి దాని మీద కోపం రాలేదు. ఇన్నేళ్ళలో ఎవరూ ఆమె చేసిన పనిని తప్పని అనలేదు. పని ఆలస్యమైందని, ఉప్పు ఎక్కువైందని అన్నారు గాని, అసలు ఆ పని నీది కాదు, నువ్వెందుకు చేశావని అడిగిన మొదటి మనిషి ఈమె.

"ఆ రిటైరైనాయన వెళ్తాడు. ఆ పిల్లలు వెళ్తారు. నువ్వు వెళ్తావు. నేను ఇక్కడ పేడ ఎత్తుతూ కూర్చోవాలా? ఆఫీసులో అందరికీ చెప్పాను వరూ." అతను లేచి అటూ ఇటూ నడిచి, ఆమె ఎదురుగా కూర్చున్నాడు. గొంతు మెత్తబడింది. "ఒక పని చేద్దాం. నీకు నడుం నొప్పి అని చెప్తాను. జీను మీద అలవాటు లేదు కదా, ఎవరైనా నమ్ముతారు. నిన్ను చూసుకోవడానికి నేనూ ఉండిపోయానంటే ఏ ఇబ్బందీ ఉండదు. పొద్దున్నే బయల్దేరి ఇంటికి పోదాం. సరేనా?"

వరూధిని ఏమీ అనలేదు. అనకపోతే సరే అన్నట్టని వాళ్ళింట్లో ఎప్పుడో స్థిరపడిపోయింది. అతను ఊపిరి పీల్చుకుని బూట్లు విప్పాడు.

ఆమె ఒంటి పేరు మీద ఇలాంటివి చాలా జరిగాయి. అతని పెదనాన్న కొడుకు గృహప్రవేశానికి పోవడం అతనికి ఇష్టం లేకపోతే వరూధినికి తలనొప్పి వచ్చింది. అత్తగారు ఆడపడుచుతో మాటలు మానేసిన ఏడాది, సీమంతానికి పోకుండా తప్పించుకోవడానికి వరూధినికి జ్వరం వచ్చింది. ఆ మరుసటి నెల నిజంగానే జ్వరం వచ్చి మూడు రోజులు మంచం మీద ఉంటే, ఫోన్ చేసిన ఆడపడుచు, "ఈసారి ఎక్కడికి పోకూడదనుకున్నారు?" అంది. ఆ ప్రశ్న వరూధిని అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు మంచం అంచున కూర్చుని నడుము మీద చెయ్యి వేసుకుని చూసుకుంది. రెండు రోజులు స్వారీ చేసిన నడుము అది. కాస్త పట్టేసినట్టుంది, కానీ అది తనకి నచ్చిన పట్టు. పెళ్ళయ్యాక తన ఒంటితో తన కోసం చేసిన పని ఇదొక్కటే. దాన్ని కూడా ఇచ్చేస్తే, రేపు ఎవరైనా గుర్రం సంగతి అడిగితే చెప్పడానికి మిగిలేది నొప్పి ఒక్కటే.

పొద్దున ఐదింటికి లేచింది. మంచులో లాయం వైపు నడిచింది. సుల్తాన్ తల బయటపెట్టి చిన్నగా సకిలించింది. వరూధిని ఆగి దాని నుదురు నిమిరింది. చేతిలో బ్రష్షు ఉంది. దాని మెడ మీద రాత్రి అంటిన గడ్డి పోచలు కనబడుతూనే ఉన్నాయి. వాటిని అలా వదిలేసి ముందుకు పోవడం ఆ నాలుగు రోజుల్లో ఆమె చేసిన అన్నిటికన్నా కష్టమైన పని. చెలువి దగ్గరికి పోయి తోమింది. ఒక్కో గిట్టా ఎత్తించి, ఇచ్చిన ప్రతిసారీ చెయ్యి తీసింది. తీసిన ప్రతిసారీ మనసులో థ్యాంక్స్ అనుకుంది.

ఏడింటికి గేటు దగ్గర నాలుగు గుర్రాలు జీను వేసి ఉన్నాయి. తిమ్మరాయప్ప ముందు తన గుర్రం మీద ఎక్కి ఉన్నాడు. అక్కయమ్మ, మల్లికార్జున్ కలిసి వచ్చారు.

"ఏమమ్మా, నడుము నొప్పంట కదా" అంది అక్కయమ్మ. "ఆయప్ప చెప్పినాడు. పండుకోకుండా ఏల వచ్చినావు?"

మల్లికార్జున్ ఆమెనే చూస్తున్నాడు. ఆ చూపులో బెదిరింపు లేదు, బతిమాలుకోవడమే ఉంది. అందుకే జవాబు చెప్పడం ఇంకా కష్టమైంది. నాగరాజ్ గారు తన రికాబు సర్దుకుంటున్నట్టు కిందికి చూశారు.

"నడుము బాగానే ఉందమ్మా" అంది వరూధిని. "నాకే నొప్పీ లేదు. ఈయనకి ఉండిపోవడం మొహమాటంగా ఉండి అలా చెప్పారు. సుల్తాన్‌ని ఇవాళ నేను ముట్టుకోలేదు. దాణా కూడా పెట్టలేదు. ఆయన పెడతారు."

అక్కయమ్మ ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, చెలువి జీను పట్టీ కింద వేళ్ళు పెట్టి, ఇంకో రంధ్రం బిగించింది. "పో. పొయ్యే తావుని చూసుకో" అంది.

వరూధిని ఎక్కింది. పగ్గాలు సర్దుకుని, కింద నిలబడ్డ భర్తతో, "రెండు గంటల్లో వచ్చేస్తామండీ" అంది. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఈ మనిషి తీసుకురాకపోతే తను ఇక్కడ ఉండేది కాదన్న సంగతి ఆమెకి ఇంకా గుర్తుంది. ఆ కృతజ్ఞత ఆమెలో అలాగే ఉంది. దానికోసం దిగాల్సిన అవసరం మాత్రం కనబడలేదు.

గేటు తెరిచారు. తిమ్మరాయప్ప ముందు, వెనక నాగరాజ్ గారు, అమ్మాయిలు, ఆఖర్న చెలువి. పది గజాలు పోయాక వెనక నుంచి దాణా బకెట్టు కింద పెట్టిన చప్పుడు వినబడింది. తర్వాత మల్లికార్జున్ గొంతు, ఎవరికీ వినబడకూడదన్నట్టు, చాలా నెమ్మదిగా వచ్చింది.

"ముందు ఏ కాలు పట్టుకోవాలి అక్కయమ్మా?"

ముందు ఎడమ కాలు. ఆ మాట వరూధిని నోటి దాకా వచ్చింది. వెనక్కి తిరగకుండా, నోరు తెరవకుండా ఆమె నీలగిరి చెట్ల వైపు చూసింది. చెలువి అడుగు వేసింది.